ఏడవ నంబరు తేనెపెట్టె: ఒక ఋతువు డైరీ

కొత్తవారి కోసం నడిపే తేనెటీగల పెంపకం కోర్సులో చేరి ఇరవై వారాలయింది. పూత మొదలు కావడానికి కాస్త ముందు ప్రారంభమై, పూలు తగ్గి ఈగలు దాచుకున్నదానితో పొదుపుగా బతకవలసిన కాలం వచ్చేదాకా సాగే కోర్సు ఇది. ప్రతి ఒక్కరికీ ఒక పెట్టె, ఒక నోటుపుస్తకం ఇచ్చారు. నాకు వచ్చిన పెట్టె నంబరు ఏడు. పెట్టె మూసిన వెంటనే, ముసుగు తీయకముందే, చూసిందంతా పుస్తకంలో రాయాలన్నది అక్కడి నియమం. అప్పట్లో అది నాకు చాదస్తంగా తోచింది. ఆ పుస్తకంలో రాసుకున్న పొడి ముక్కలనే ఇక్కడ వాక్యాలుగా కూరుస్తున్నాను. ఏడవ వారంలో నా చేతులతో నేను చేసిన ఒక తప్పు ఈ డైరీలో చాలా భాగాన్ని ఆక్రమించింది కనుక, మిగిలిన వారాలు కొన్నిచోట్ల తొందరగా గడిచిపోతాయి.

మొదటి రెండు వారాలు

ఈ రెండు వారాలూ ఒక్క ఈగ కూడా చేతికి రాలేదు. సుత్తి, మేకులు, తీగ, మైనపు రేకులు మాత్రమే వచ్చాయి. పెట్టె లోపలి కొలతల గురించి ఇంతసేపు చెబుతారేమిటని మొదట విసుగు కలిగింది కాని, ఆ కొలతల వెనుక ఉన్న సంగతి తెలిసిన తరువాత విసుగు పోయింది. ఈగలు ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల సందును తాము నడిచే దారిగా వదిలేస్తాయి. సందు అంతకన్నా ఇరుకుగా ఉంటే ప్రొపోలిస్ అనే జిగురుతో పూడ్చేస్తాయి, వెడల్పుగా ఉంటే అందులో అడ్డదిడ్డంగా పట్టు కట్టేస్తాయి. 1851లో అమెరికాకు చెందిన లోరెంజో లాంగ్‌స్ట్రాత్ ఈ సందును పెట్టెలో ఫ్రేముల (ఈగలు పట్టు కట్టుకోవడానికి పెట్టే చెక్క చట్రాల) చుట్టూ అంతటా వదలాలని గ్రహించడం వల్లనే, పట్టును కోయకుండా, ఈగలను చంపకుండా, ఒక్కొక్క ఫ్రేమునూ పైకి తీసి చూసి మళ్లీ పెట్టగలిగే పెట్టె సాధ్యమయింది.

నేను బిగించిన మొదటి ఫ్రేము మూలమట్టానికి రాలేదు. బల్లమీద పెడితే ఒక కాలు లేచే కుర్చీలా ఊగింది. మా శిక్షకురాలు దానిని పక్కన పెట్టలేదు, పారేయలేదు, నా పెట్టెలోనే వాడమన్నారు. వంకర ఫ్రేము పక్క ఫ్రేముతో సందును ఎలా పాడు చేస్తుందో ఈగలే చూపిస్తాయని ఆమె అన్నారు. అవి చూపించాయి కూడా. ఆరు వారాల తరువాత ఆ ఒక్క ఫ్రేము దగ్గరే రెండు పట్లు కలిసి అతుక్కుపోయాయి.

మూడవ వారం

ఈ వారం ఈగలు వచ్చాయి. ఇటాలియన్ జాతి ఈగలు, అయిదు ఫ్రేముల చిన్న కుటుంబం. మూడు ఫ్రేములలో పిల్లలు, రెండింటిలో తేనె, పుప్పొడి ఉన్నాయి. చిన్న పెట్టెలో ఏ వరసలో ఉన్నాయో పది ఫ్రేముల పెట్టెలోకి అదే వరసలో మార్చి, అటూ ఇటూ కొత్త మైనపు రేకుల ఫ్రేములు పెట్టాము. వరస మారితే పిల్లల మధ్య చల్లటి ఖాళీ ఏర్పడుతుంది. పిల్లలున్న చోట ఈగలు 34, 35 డిగ్రీల వేడిని నిలబెట్టుకుంటూ రావాలి కాబట్టి, వాటి పొయ్యిని రెండు ముక్కలు చేయడం మంచిది కాదు. పంచదార, నీరు సమానంగా కలిపిన పాకం పెట్టి, ద్వారాన్ని రెండు వేళ్ల వెడల్పుకు తగ్గించి మూశాము.

పొగడబ్బా నాకు మూడుసార్లు ఆరిపోయింది. ఎండుగడ్డి అంటించి, మంట బాగా లేచాక, దానిమీద గోనెపట్టా ముక్కను మెల్లగా అదుముతూ తిత్తిని నొక్కుతూ ఉండాలట. నేను గడ్డిని ఒక్కసారిగా కూరి ఊపిరాడకుండా చేశాను. పొగ తెల్లగా, చల్లగా రావాలి. ముందు మన అరచేతికి తగిలించి చూసుకొని, వేడిగా అనిపించకపోతేనే ఈగలకు పెట్టాలి. పొగ తగిలితే ఈగలు ప్రమాదమనుకొని తేనె తాగడానికి పూనుకుంటాయని ఇదివరకు విన్నాను. దానికి తోడు, కుట్టిన ఈగ విడుదల చేసే హెచ్చరిక వాసనను పొగ కప్పేస్తుందని ఇప్పుడు తెలిసింది. ఆ వాసన మగ్గిన అరటిపండు వాసనలా ఉంటుంది. నాలుగవ వారంలో మణికట్టు మీద కుట్టించుకున్నప్పుడు స్పష్టంగా నా ముక్కుకు తగిలింది. కొండీకి ముళ్లుంటాయి కనుక అది చర్మంలోనే ఉండిపోయి, విషపు తిత్తి ఈగ పోయిన తరువాత కూడా కొట్టుకుంటూనే ఉంటుంది. గోరుతో గీరాలా, వేళ్లతో లాగాలా అని ఆలోచిస్తూ కూర్చోకుండా, ఎలాగైనా సరే, వెంటనే తీసేయడమే ముఖ్యం.

నాలుగు, అయిదు వారాలు

ఫ్రేమును చదవడం నేర్చుకున్న వారాలివి. సూర్యుణ్ణి భుజం వెనుక ఉంచుకొని, వెలుగు గది అడుగుదాకా పడేలా ఫ్రేమును కొద్దిగా వంచి పట్టుకోవాలి. మొదటి రోజు నాకు గుడ్లు కనబడనే లేదు. పక్కన ఎనిమిదవ నంబరు పెట్టె చూసుకొనే కుర్రవాడు తన ఫ్రేములో చూపించిన తరువాత, నా ఫ్రేములో ఎక్కడ చూసినా అవే కనబడ్డాయి. తెల్లటి కుట్టుదారాన్ని మిల్లీమీటరున్నర పొడవుకు తుంచి, గది అడుగున నిలబెట్టినట్టు ఉంటుంది గుడ్డు. పెట్టిన రోజున నిటారుగా నిలబడి ఉంటుందనీ, మరునాడు వాలుతుందనీ, మూడవ రోజుకు పడుకుంటుందనీ నేర్పారు.

దాని తరువాత మాకు కంఠతా పట్టించిన లెక్క ఇది: గుడ్డుగా మూడు రోజులు అందరికీ ఒకటే. గుడ్డు పెట్టిన రోజునుంచి లెక్కిస్తే, కూలి ఈగ ఇరవై ఒకటవ రోజుకు, మగదైన పోతుటీగ ఇరవై నాలుగవ రోజుకు, రాణి ఈగ పదహారవ రోజుకే బయటకు వస్తాయి. కూలి ఈగ గదిని సుమారు తొమ్మిదవ రోజున, రాణి గదిని ఎనిమిదవ రోజున ఈగలు మైనంతో మూసేస్తాయి. రాణి కాబోయేదీ కూలి ఈగ కాబోయేదీ మొదట ఒకే రకం గుడ్డే. తరువాత పెట్టే తిండి, కట్టే గది వాటిని వేరు చేస్తాయి. ఈ అంకెలన్నీ పరీక్షకు చదివినట్టు చదివాను. నా పెట్టెలో వీటితో నాకు ప్రాణావసరం పడుతుందని అప్పుడు అనుకోలేదు.

రాణి ఈగను చూడాలన్న తపన మాత్రం నన్ను వదలలేదు. ప్రతి తనిఖీలోనూ పుస్తకంలో మొదట రాసిన మాట "రాణి కనబడలేదు" అన్నదే. మా శిక్షకురాలు ఆ వాక్యం కింద గీత గీసి, "గుడ్లు ఉన్నాయా?" అని అంచున రాశారు. నిటారుగా ఉన్న గుడ్డు కనబడిందంటే నిన్నో ఇవాళో రాణి అక్కడ ఉన్నట్టే కదా, ఇక దానిని కళ్లారా చూడవలసిన పనేముంది అని ఆమె ఉద్దేశం. ఆ వాదన ఒప్పుకున్నాను కాని, నా కళ్లు మాత్రం ఒప్పుకోలేదు.

ఆరవ వారం

రాణి కనబడింది. నాలుగవ ఫ్రేము కుడివైపున, పొడుగాటి కడుపుతో, రెక్కలు సగందాకానే కప్పుకొని, తొందరేమీ లేకుండా నడుస్తోంది. చుట్టూ ఉన్న ఈగలు దానివైపు తిరిగి, అది కదిలితే దారి ఇస్తూ, మీసాలతో తాకుతున్నాయి. అది ఒక గదిలో తల పెట్టి చూసి, వెనక్కి వచ్చి, తోకవైపును అందులోకి దించి, కొన్ని క్షణాలు ఆగి లేచింది. ఈ దృశ్యాన్ని నోరు తెరుచుకొని ఎంతసేపు చూశానంటే, పిల్లల ఫ్రేము చల్లబడుతున్నదని ఎనిమిదవ పెట్టె కుర్రవాడు గుర్తు చేయవలసి వచ్చింది.

ఏడవ వారం

ఆనాటి నా రాతను ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను: "ఎండ బాగుంది. ఈగలు శాంతంగా ఉన్నాయి. మధ్య ఫ్రేము మొదట తీశాను, కాస్త బిగుతుగా వచ్చింది. గుడ్లు ఉన్నాయి. రాణి కనబడలేదు. అంతా బాగుంది."

ఎప్పుడూ అంచున ఉన్న ఫ్రేమును ముందు తీసి బయట నిలబెట్టి, ఏర్పడిన ఖాళీలోకి మిగతా ఫ్రేములను ఒక్కొక్కటిగా జరుపుతూ తీయాలని మాకు మొదటి రోజే చెప్పారు. పోయిన వారం రాణి కనబడిన నాలుగవ ఫ్రేము మీద ఆశ కొద్దీ, నేను తిన్నగా దానినే లాగాను.

ఎనిమిదవ వారం

మూత తీయగానే మోత వేరుగా వినిపించింది. ఒక్కటిగా సాగే ఝుంకారం పోయి, చెదిరిన, మూలుగు లాంటి శబ్దం వచ్చింది. ఫ్రేము తరువాత ఫ్రేము తీసి చూశాను. ఎక్కడా గుడ్డు లేదు. చిన్న లార్వాలు, అంటే గుడ్డునుంచి బయటపడిన పిల్లపురుగులు కూడా లేవు. ఉన్నవాటిలో అతి చిన్నది కూడా గది అడుగంతా నిండేలా చుట్ట చుట్టుకొని ఉంది. నాలుగవ ఫ్రేము నడుమ, పట్టు ముఖం మీద, వేరుశనగ కాయల్లా గుంటలు పడిన మైనంతో కిందికి వేలాడుతూ అయిదు రాణి గదులు కనబడ్డాయి. అవి మూసి కూడా ఉన్నాయి.

కొత్త రాణిని తయారుచేసుకొని కుటుంబం రెండుగా విడిపోవడానికి సిద్ధమవుతున్నదేమో అనుకొని నేను కంగారు పడ్డాను. మా శిక్షకురాలు కంగారు పడలేదు, నా పుస్తకం అడిగి తీసుకున్నారు. విడిపోయే కుటుంబం రాణి గదులను ఎక్కువగా పట్టు అంచుల్లో, అడుగున కడుతుందనీ, మామూలు లార్వా ఉన్న గదినే అప్పటికప్పుడు పెంచి కట్టినప్పుడు అవి ఇలా పట్టు ముఖం మీద ఉంటాయనీ ముందుగా చూపించారు. తరువాత నా చేతే లెక్క కట్టించారు. అతి చిన్న లార్వాకు గుడ్డు నుంచి బయటపడి కనీసం నాలుగు రోజులు, గుడ్డుగా మూడు రోజులు, మొత్తం ఏడు రోజులు. అంటే చివరి గుడ్డు పెట్టి వారమయింది. వారం క్రితం ఈ పెట్టె తెరిచిన చేతులు నావే. ఆమె వేలితో "కాస్త బిగుతుగా వచ్చింది" అన్న మాటను తట్టి, ఏమీ అనలేదు. బిగుతుగా ఉన్న ఫ్రేమును లాగినప్పుడు రెండు పట్ల నడుమ నలిగిన ఈగల్లో రాణి కూడా ఉందన్నమాట.

తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఆమె అడిగింది ఒక్కటే: "ఇప్పుడు మీరు ఏ రోజున ఏమి జరుగుతుందో రాయగలరా?" పుస్తకంలో కొత్త పేజీ తీసి, ప్రమాదం జరిగిన రోజును సున్నాగా పెట్టుకొని రాశాను. ఈగలు ఒక రోజు వయసున్న లార్వాను ఎంచుకొని ఉంటే, దానికి గుడ్డు నుంచి లెక్కిస్తే అప్పటికే నాలుగు రోజులు. కాబట్టి పన్నెండవ రోజు ప్రాంతంలో కొత్త రాణి బయటికి రావాలి. ఒళ్లు గట్టిపడడానికి మరో అయిదారు రోజులు, ఎండ బాగున్న మధ్యాహ్నాల్లో ఎగిరి పోతుటీగలతో జతకట్టడానికి కొన్ని రోజులు, ఆ తరువాత గుడ్లు మొదలు. ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిదవ రోజు లోపల ఎప్పుడైనా గుడ్లు కనబడవచ్చు. వాన పడితే ఇంకా ఆలస్యం కావచ్చు. అయిదు గదుల్లో బాగా ఎదిగిన రెండింటిని ఉంచి, మిగిలినవి తీసేశాము. ఉంచిన ఫ్రేమును కుదపకుండా, తలకిందులు చేయకుండా, నిలువుగానే దించాము.

తొమ్మిదవ వారం

పెట్టె తెరవకూడదని ఆంక్ష. కొత్త రాణి ఎగిరి తిరిగి వచ్చే రోజుల్లో పెట్టె విప్పి ఉంటే, గుర్తుపట్టలేక పక్క పెట్టెలోకి పోయి చావవచ్చు. ద్వారం పక్కన చెక్క ముక్క కూడా జరపవద్దన్నారు. ముందు బయటకు వచ్చిన రాణి, గదిలోనే ఉన్న రెండవదాన్ని సవాలు చేస్తూ సన్నగా కూత పెడుతుందని విని, పెట్టె గోడకు చెవి ఆనించి చాలాసేపు కూర్చున్నాను. నాకు ఏమీ వినబడలేదు. పన్నెండవ రోజు రాత్రి ఆ పని చేయవలసిందట, నేను వెళ్లింది పద్నాలుగవ రోజున.

ఖాళీగా ఉన్న చేతులను ఎనిమిదవ పెట్టెకు అప్పగించాను. అక్కడ ఒక ఫ్రేము మీద, కాళ్లకు నారింజ రంగు పుప్పొడి మూటలున్న ఒక కూలి ఈగ, కడుపు ఊపుతూ తిన్నగా రెండంగుళాలు పరుగెత్తి, కుడివైపు చుట్టి వచ్చి, మళ్లీ అదే గీత మీద ఊగి, ఈసారి ఎడమవైపు చుట్టింది. నిలువు గీతకు ఆ పరుగు ఎంత కోణంలో ఉంటే, సూర్యుడికి అంత కోణంలో పూలున్నాయని దాని అర్థం. ఊగే సమయం సుమారు ఒక సెకనయితే దూరం దాదాపు కిలోమీటరు. ఈ భాషను విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. చీకటిగా ఉండే పెట్టెలో, నిలువు పట్టు మీద, సూర్యుడి దిక్కును భూమి ఆకర్షణ దిక్కుగా మార్చి చెప్పడమన్నది ఎన్నిసార్లు చదివినా తలకెక్కనిది, ఒక్కసారి చూడగానే ఎక్కింది.

పదవ వారం

ఇరవై ఒకటవ రోజు. జతకట్టే విహారాలు మధ్యాహ్నం పూట జరుగుతాయి కనుక, ఉదయమే, అయిదు నిమిషాల కోసం పెట్టె తెరిచాము. ఉంచిన రెండు గదుల్లో ఒకటి కొనవద్ద గుండ్రంగా, డబ్బా మూత తీసినట్టు తెరుచుకొని ఉంది. రెండవదానికి పక్కన చిల్లు ఉంది. ఒక రాణి సజావుగా పుట్టి రెండవదాన్ని గదిలోనే తుదముట్టించిందని ఆ రెండు కంతలు చెబుతున్నాయి. కాని పట్లన్నీ ఖాళీ. పాత రాణి పెట్టిన చివరి గుడ్లు కూడా ఆ రోజుకు ఈగలై బయటికి రావలసినవే కాబట్టి, మూసిన గదులు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే మిగిలాయి. పిల్లలు లేని పట్టు ఎంత నిర్జనంగా ఉంటుందో ఆ రోజే చూశాను.

ఊరికే ఉండలేక ఒక సలహా ఇచ్చాను. ఈగలను పట్టి పీడించే వరోవా పురుగు మూసిన గదుల్లోనే పిల్లలు పెడుతుంది, ఇప్పుడు అలాంటి గదులు లేవు కనుక పురుగులన్నీ ఈగల ఒంటిమీదే ఉంటాయి, కొన్ని ఈగలను సీసాలో పంచదార పొడితో దొర్లించి, రాలిన పురుగులను లెక్కపెట్టే పరీక్ష చేయడానికి ఇదే సరైన సమయం కదా అన్నాను. తర్కం సరిగానే ఉందని మా శిక్షకురాలు మెచ్చుకుంటూనే, "రాణి ఎక్కడుందో తెలియకుండా మూడు వందల ఈగలను సీసాలోకి దులుపుతారా?" అని అడిగారు. నెల తిరగకుండా రెండవ రాణిని కూడా చంపే ఉపాయం నేనే చెప్పినట్టయింది.

దానికి బదులు ఆమె ఎనిమిదవ పెట్టె నుంచి గుడ్లు, లేత లార్వాలు ఉన్న ఒక ఫ్రేము తీసి, దానిమీది ఈగలను మెత్తటి కుంచెతో పూర్తిగా దులిపి, నా పెట్టె నడుమ పెట్టారు. రాణి లేకపోతే ఈగలు ఆ లార్వాలతో వెంటనే రాణి గదులు కట్టడం మొదలుపెడతాయి. ఉంటే కట్టవు. ప్రశ్న మనం అడగడం, జవాబు వాటిని రాయనివ్వడం. ఈ కోర్సులో నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇది.

ఇళ్లకు వెళుతూ ఆమె ఒక సంగతి చెప్పారు. రాణి ఆకాశంలో జతకడుతుందని తేల్చిన స్విట్జర్లాండ్ పరిశోధకుడు ఫ్రాన్స్వా హ్యూబర్‌కు చూపు లేదు. 1792లో వెలువడిన ఆయన పరిశీలనలన్నీ, ఆయన ప్రశ్నలు అడుగుతుంటే సహాయకుడు ఫ్రాన్స్వా బుర్నెన్స్ చూసి చెప్పినవి. రాణిని చూడాలని నేను పడిన ఆరాటం గుర్తుకు వచ్చి కొంచెం సిగ్గుపడ్డాను.

పదకొండవ వారం

ఇరవై ఎనిమిదవ రోజు. అంచు ఫ్రేము ముందు తీసి బయట నిలబెట్టాను, ఆ తరువాతే మిగతావి కదిపాను. తెచ్చి పెట్టిన ఫ్రేములో లార్వాలను ఈగలు మామూలు మూతలతో మూసేశాయి. రాణి గది ఒక్కటి కూడా లేదు. ఆ సంతోషంతోనే ఆగిపోదామనుకున్నాను కాని, మా శిక్షకురాలు పక్క ఫ్రేము తీయమన్నారు. ఎండ భుజం మీదుగా పడేలా వంచాను. అరచేయంత మేర, నడుమ నుంచి చుట్లు చుట్టుకుంటూ, గదికొకటి చొప్పున తెల్లటి దారపు ముక్కలు నిలబడి ఉన్నాయి. రెండు మూడు గదుల్లో మాత్రం రెండేసి ఉన్నాయి. అవి చూసి మళ్లీ గుండె జారింది. ఎందుకంటే రాణి లేని పెట్టెలో కొన్నిసార్లు కూలి ఈగలే గుడ్లు పెడతాయనీ, అవి ఒక్కో గదిలో అనేకం ఉంటాయనీ, వాటినుంచి పోతుటీగలు మాత్రమే పుడతాయనీ చదివి ఉన్నాను. కాని కూలి ఈగ కడుపు పొట్టిది కనుక దాని గుడ్లు గది గోడలకు అంటుకొని ఉంటాయి. ఇవి సరిగ్గా అడుగు మధ్యలో ఉన్నాయి. కొత్త రాణి మొదటి రోజుల్లో అలా తడబడడం మామూలేనట.

పద్నాలుగవ వారం

రాణికి రంగు చుక్క పెట్టాము. రాణి పుట్టిన ఏడాది చివరి అంకెను బట్టి రంగు మారుతుంది: 1, 6 తెలుపు, 2, 7 పసుపు, 3, 8 ఎరుపు, 4, 9 ఆకుపచ్చ, 5, 0 నీలం. ఈ ఏడాది వంతు తెలుపు. రాణి పక్కన పెట్టాక, ఆగిపోయిన పంచదార పొడి పరీక్ష కూడా చేశాను. అరకప్పు ఈగలు, అంటే సుమారు మూడు వందలు, జల్లెడ మూత ఉన్న సీసాలోకి దులిపి, పొడి చల్లి, నిమిషంపాటు దొర్లించి, తెల్లటి పళ్లెం మీదికి కుదిపితే నాలుగు పురుగులు రాలాయి. నూటికి మూడు దాటితే మందు వేయాలని మాకు చెప్పారు కనుక, ఇప్పటికి ఆగాము.

పదిహేడవ వారం

తేనె తీత. నా పెట్టెనుంచి ఒక్క చుక్క కూడా తీయలేదు. మూడు వారాలపాటు పిల్లలు పుట్టని కుటుంబంలో, పూత ఉధృతంగా ఉన్న సమయానికి మేతకు వెళ్లే ఈగల సంఖ్య పడిపోయింది. పై పెట్టెలో రెండు ఫ్రేములే నిండాయి, అవి వాటికే అవసరం. ఎనిమిదవ పెట్టె ఫ్రేముల మీద మూతలు గీసి, తిప్పుడు యంత్రంలో పెట్టి తిప్పే పని నాకు ఇచ్చారు. మూతలు వేయని ఒక ఫ్రేమును అడ్డంగా పట్టి కుదిపితే చుక్కలు చిందాయి. నీటి శాతం ఇంకా దిగలేదన్నమాట, దానిని వెనక్కి పెట్టేశాము. నీరు పద్దెనిమిది శాతం దగ్గరికి వచ్చిన తేనె అయితేనే పులియకుండా నిలుస్తుంది.

ఇరవయ్యవ వారం

ద్వారం మళ్లీ రెండు వేళ్ల వెడల్పుకు తగ్గించాను. పోతుటీగలను కూలి ఈగలు రెక్కలు పట్టి బయటికి ఈడుస్తున్నాయి. పాకం ఈసారి రెండు వంతుల పంచదారకు ఒక వంతు నీటితో చిక్కగా కలిపాను. వంకరగా బిగించిన ఆ మొదటి ఫ్రేమును చివరికి తీసేసి, మూలమట్టం పెట్టి బిగించిన కొత్తది పెట్టాను. పుస్తకంలో ఈ వారం రాత ఇది: "అంచు ఫ్రేము ముందు తీశాను. ఏదీ బిగుతుగా రాలేదు. అయిదవ ఫ్రేము, ఎడమ వైపు, నిటారు గుడ్లు. రాణి కోసం వెతకలేదు."